తొమ్మిదో ప్రశ్న

కోర్టు వరండాలో అందరూ ఆయన్ని వాయిదాల ప్లీడరు అనేవాళ్ళు. ఎదురుగా ఎవరూ అనరు గానీ ఆ సంగతి ఆయనకు తెలుసు, తెలిసి నవ్వుకునేవాడు కూడా. ముప్పై ఏళ్ళుగా ఆయన చేసినవన్నీ అద్దె కేసులే. ఇల్లు ఖాళీ చెయ్యమని యజమాని నోటీసు ఇస్తాడు. అద్దెకున్నవాడు ఆ నోటీసు పట్టుకుని ఈయన దగ్గరికి పరిగెత్తుకొస్తాడు. ఈయన ఆ కాగితాన్ని కిటికీ వెలుతురులో పెట్టి, కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ చదివేవాడు. తేదీ తప్పో, ఇంటి నంబరు తప్పో, సంతకం ఉండాల్సిన చోట లేకపోవడమో, ఏదో ఒకటి దొరక్కపోదు. దాన్ని పట్టుకుని నెలో, రెండు నెలలో, కలిసొస్తే పిల్లల పరీక్షలయ్యేదాకానో గడువు సంపాదించిపెట్టేవాడు. గెలవడం ఆయనకు పెద్దగా అలవాటు లేదు. ఓటమిని ముందుకు జరపడంలో మాత్రం ఆయన్ని మించినవాడు లేడు. "పెళ్ళిని కూడా అలాగే వాయిదా వేయించుకుంటూ పోయాడు, చివరికి కేసు కొట్టేశారు" అని తోటి ప్లీడర్లు చెప్పుకునే హాస్యం ఆయన నోటి నుంచి పుట్టిందే.

కళ్ళద్దాల దుకాణం పైన ఆయన ఆఫీసు. రెండు గదులు. వెనక గదిలో ఆయన, ముందు గదిలో ఆయన గుమాస్తా. ఆవిడ ఆయనకంటే నాలుగేళ్ళు చిన్న. ఇరవై రెండేళ్ళుగా పొద్దున తొమ్మిదికి వచ్చి సాయంత్రం అయిదుకి వెళుతుంది. ఆవిడ టైపు చేసిన కాగితంలో తప్పు వెతకడం దండగని కోర్టులో జడ్జీలకి కూడా తెలుసు. ఆయన ఆవిడని గుమాస్తాగారూ అని పిలుస్తాడు, ఆవిడ ఈయన్ని సార్ అంటుంది. ఇన్నేళ్ళలో వాళ్ళిద్దరి మధ్య నడిచిన మాటల్లో ముప్పాతిక వంతు తేదీలే అయ్యుంటాయి.

ఆయనకు సొంతమనుకునే మనుషులు ఇద్దరే, అక్కా, ఆవిడ కొడుకూ. అక్క ఆస్పత్రిలో దుప్పట్లు, పరదాలు ఉతికించే విభాగం చూసుకునేది. బావ పోయినప్పుడు మేనల్లుడికి ఆరేళ్ళు. వాడికి సైకిలు నేర్పింది మేనమామే, భిన్నాలు నేర్పింది మేనమామే, భవనాల నమూనాలు గీసే చదువు చదువుతానంటే అక్కని ఒప్పించి కాలేజీలో చేర్పించిందీ మేనమామే. వాడు నాలుగో ఏడు చదువుతుండగా, ఒక మంగళవారం మధ్యాహ్నం, అక్క పని మధ్యలోంచి చేతులు కూడా సరిగ్గా తుడుచుకోకుండా ఆఫీసుకొచ్చింది. ఆవిడ చేతిలో కాలేజీ నోటీసు ఉంది. తేమకి ఒక మూల సిరా అలుక్కుపోయింది.

వాడి తరగతిలోనే చదువుతున్న ఒక అమ్మాయి ఫిర్యాదు ఇచ్చింది. కాలేజీ స్టూడియోలోంచి అందరూ వెళ్ళిపోయాక, అట్టలు కోసి నమూనా చేసుకుంటున్న తన దగ్గరికి వచ్చి, తలుపు మూసి, బలవంతంగా ముద్దు పెట్టుకున్నాడనీ, వద్దని రెండుసార్లు చెప్పినా మణికట్టు వదల్లేదనీ. పదిరోజుల్లో సంజాయిషీ రాసివ్వాలి. తర్వాత ముగ్గురు సభ్యుల కమిటీ ముందు విచారణ ఉంటుంది. వాడి తరఫున సలహాదారుగా ఒకర్ని తెచ్చుకోవచ్చు. సలహాదారు పక్కన కూర్చోవచ్చు గానీ నోరు మెదపకూడదు. ఎదుటివాళ్ళని అడగాల్సిన ప్రశ్నలేమైనా ఉంటే ముందుగా రాసివ్వాలి, వాటిని కమిటీ అధ్యక్షురాలు చదివి అడుగుతుంది.

అక్క కుర్చీలో కూర్చోలేదు.

"వాడు చేశాడో లేదో నాకు చెప్పొద్దురా. వాణ్ణి మాత్రం గట్టెక్కించు" అంది.

ఆ సాయంత్రమే మేనల్లుణ్ణి పిలిపించుకున్నాడు. ముందు చెప్పాల్సినవన్నీ చెప్పాడు. ఆ అమ్మాయితో మాట్లాడొద్దు, ఎవరి చేతా కబురు పంపొద్దు, ఫోనులో ఉన్నదేదీ తుడిచెయ్యొద్దు, ఫిర్యాదు ప్రతి అడిగి తీసుకో, ఏ రోజు ఏం జరిగిందో తేదీలతో రాసుకో. ఇంతవరకూ చెప్పినదాంట్లో తప్పేమీ లేదు. ఈనాటికీ ఎవరొచ్చినా ఆయన అదే చెబుతాడు.

వాడు జేబులోంచి మడత పెట్టిన కాగితం తీశాడు. అప్పటికే రాసుకొచ్చాడు. ఒక్క పేజీ. చెయ్యి తిరిగినవాడు కాబట్టి అక్షరాలు అచ్చు గుద్దినట్టున్నాయి. ఫిర్యాదులో ఉన్నది జరిగిందని రాశాడు. తనకి ఆమె అంటే ఇష్టమనీ, ఆమెకీ ఇష్టమేనని తనే అనుకున్నాననీ రాశాడు. చివరి వాక్యం, "వద్దు అని ఆమె చెప్పిన మాట నేను విన్నాను."

ప్లీడరు ఆ వాక్యం దగ్గర ఆగిపోయాడు. మనిషిగా ఆగాడా, ప్లీడరుగా ఆగాడా అంటే ప్లీడరుగానే. ముప్పై ఏళ్ళ అలవాటు. ఆ "విన్నాను" అన్న ఒక్క మాటతో డిగ్రీ పోతుందని లెక్క కట్టాడు. వాడి ముఖం వంక చూసి ఉంటే వాడు ఏడవడానికి సిద్ధంగా ఉన్నాడని తెలిసేది. చూడలేదు. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి వాడి చేతికే ఇచ్చి చింపమన్నాడు.

"నిజమేంటని వాళ్ళు నిన్నడగలేదు రా. సంజాయిషీ అడిగారు. రెండూ ఒకటి కాదు" అన్నాడు.

వాడు చాలాసేపు ఆ కాగితం వేళ్ళ మధ్య తిప్పుతూ కూర్చున్నాడు. మామయ్య మాట కాదనడం వాడికి చిన్నప్పట్నించీ తెలీదు. చింపేశాడు.

సంజాయిషీ మేనమామే తయారుచేశాడు. అందులో అబద్ధం ఒక్కటీ లేదు. ఆ సంగతి ఆయన చాలా గర్వంగా చెప్పుకునేవాడు. ఆరోపణలను నిరూపించే భారం ఫిర్యాదు చేసినవారిదేననీ, సాక్షులెవరూ లేరనీ, ఘటన జరిగిందంటున్న తేదీకి, ఫిర్యాదుకి మధ్య ఇరవైరెండు రోజులు గడిచాయనీ, స్పష్టంగా ఒప్పుకోని ప్రతిదాన్నీ నిరాకరించినట్టే భావించాలనీ రాశాడు. అన్నీ అద్దె కేసుల్లో అరిగిపోయిన వాక్యాలే. అబద్ధం లేని ఆ రెండు పేజీల్లో నిజం కూడా ఎక్కడా లేదు. మేనల్లుడు చదవకుండానే సంతకం పెట్టాడు.

తర్వాత ప్రశ్నలు. నాలుగు సాయంత్రాలు కూర్చుని పద్నాలుగు ప్రశ్నలు రాశాడు. ఎనిమిది దాకా మామూలువే. తలుపుకి గడియ ఉందా, ఎన్ని గంటలకి, దీపాలు వెలుగుతున్నాయా, ఇలాంటివి. తొమ్మిదోది ఆయనకి స్నానం చేస్తుండగా తట్టింది. ఫిర్యాదు వెనకాల కాలేజీవాళ్ళు జతచేసిన హాజరు పట్టీ చూసి ఉన్నాడు కదా, అందులో ఆ మర్నాడు కూడా ఆ అమ్మాయి సంతకం ఉంది. వెంటనే తల కూడా తుడుచుకోకుండా వచ్చి రాసుకున్నాడు. "మీరు చెప్పినట్టే జరిగి ఉంటే, మర్నాడు ఉదయం అదే స్టూడియోకి వచ్చి, అతని పక్క బల్ల దగ్గరే సాయంత్రం దాకా ఎందుకు పనిచేశారు?"

పద్నాలుగూ టైపు చేసి తెచ్చి బల్ల మీద పెడుతూ గుమాస్తా ఒక్క మాట అడిగింది. "తొమ్మిదోది ఉంచమంటారా సార్?"

ఆవిడ మెచ్చుకుంటోందనుకున్నాడు. "అదే ప్రాణం గుమాస్తాగారూ" అన్నాడు.

విచారణ కాలేజీ పరిపాలనా భవనంలో, రెండో అంతస్తు చివరి గదిలో జరిగింది. పొడుగాటి బల్ల, బల్ల మీద నీళ్ళ జగ్గు, మూత పెట్టిన గ్లాసులు. కమిటీ ఒక వైపు. ఆ అమ్మాయి, ఆమె పక్కన తోడొచ్చిన లెక్చరరు ఒక వైపు. వీళ్ళిద్దరూ ఇంకో వైపు. ఆ అమ్మాయిని ప్లీడరు అంతకు ముందు చూడలేదు. ఆయన మనసులో ఎందుకో గట్టిగా వాదించే పిల్లే ఉంది. ఈ పిల్ల సన్నగా ఉంది, వేళ్ళకి జిగురు మరకలున్నాయి, అడిగినదానికి అడిగినంత వరకే చెబుతోంది. మేనల్లుడు తలెత్తలేదు.

ఎనిమిది ప్రశ్నలకీ ఆమె జవాబు చెప్పింది. గడియ ఉంది, వెయ్యలేదు, ఆరున్నర దాటింది, దీపాలు వెలుగుతున్నాయి. అధ్యక్షురాలు తొమ్మిదోది చదివింది. ఆ అమ్మాయి ఆమెని చూడలేదు, ఆమె చేతిలో కాగితాన్ని చూసింది, ఆ కాగితం మీద ఇంకా ఏమేం ఉన్నాయోనన్నట్టు. అప్పుడు అంది.

"నా బల్ల అక్కడే ఉందండీ."

సరిగ్గా వినపడలేదనుకున్నారో, చాలదనుకున్నారో, అధ్యక్షురాలు మళ్ళీ అడిగింది. ఆ అమ్మాయి మళ్ళీ అదే మాట అంది. ఇంకా వివరంగా చెప్పమంటే మూడోసారీ అదే మాట అంది. మిగతా అయిదు ప్రశ్నలకి అవుననో కాదనో మాత్రమే చెప్పింది. పక్కన సభ్యుడొకాయన ఏదో రాసుకున్నాడు. తర్వాత చేతికొచ్చిన నివేదికలో ఆమె జవాబు కింద అది ఉంది, "ఈ ప్రశ్నకు సంతృప్తికరమైన సమాధానం రాలేదు."

ఆ క్షణంలో ప్లీడరుకి కలిగినదేమిటో ఆయనకి బాగా గుర్తు. తర్వాత రోజుల్లో ఎంత మర్చిపోదామనుకున్నా పోలేదు. ఒళ్ళంతా వెచ్చబడింది. ముప్పై ఏళ్ళలో మొదటిసారి ఒక దెబ్బ సరిగ్గా తగిలిందన్న సంతోషం అది. బల్ల కింద మోకాలు ఊపుకుంటూ కూర్చున్నాడు.

మూడు వారాలకి తీర్పొచ్చింది. ఆరోపణ నిరూపణ కాలేదు. అక్క ఆఫీసుకొచ్చి తమ్ముడి రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకుంది. ఆస్పత్రిలో పనిచేసే అందరికీ తమ్ముడి గొప్ప చెప్పింది. మేనల్లుడు కూడా వచ్చాడు. తల్లి వెనకే నిలబడి, వెళ్ళేటప్పుడు "వస్తాను మామయ్యా" అన్నాడు, అంతే. సిగ్గుపడుతున్నాడులే, నాలుగు రోజులు పోతే సర్దుకుంటాడనుకున్నాడు ఆయన. ఆ అమ్మాయి తర్వాతి సెమిస్టరుకి రాలేదని ఎవరో చెబితే, అది కూడా విన్నాడు, విని ఊరుకున్నాడు.

ఇలాంటి వార్తలు కాలేజీల్లో ఊరికే ఉండవు. ఆ పై నెలలో ఒకడొచ్చాడు, తర్వాత ఇంకొకడు, తండ్రిని వెంటబెట్టుకుని మరొకడు. అద్దె కేసులవాళ్ళు కూర్చునే బెంచీ మీద సంచులు తగిలించుకున్న కుర్రాళ్ళు కనిపించసాగారు. కోర్టు వరండాలో ఆయన పేరు మారింది. ఇప్పుడాయన ప్రశ్నల ప్లీడరు. వచ్చినవాళ్ళలో ఒకడి కేసు నిజంగానే పొరపాటు. అతను ఆ రోజు ఊళ్ళోనే లేడు, ప్రయాణం టిక్కెట్టు చూపించి వారంలో బయటపడ్డాడు. మిగతావాళ్ళు ఏం చేశారో ఆయన అడగలేదు. అక్క నేర్పిన పద్ధతే అందరికీ పట్టించాడు, చేశారో లేదో నాకు చెప్పకండి.

నాలుగోవాడి ప్రశ్నలు తయారుచేస్తున్న రోజు, ఆయన వెనక గదిలోంచి కేకేశాడు. మన అబ్బాయి ఫైలు తీసి, ఆ తొమ్మిదో ప్రశ్న ఇందులో కూడా పెట్టమన్నాడు. ఈ కేసులో అమ్మాయి మర్నాడు లేబొరేటరీకి వచ్చినట్టుంది కాబట్టి స్టూడియో అన్నచోట లేబొరేటరీ అని మారిస్తే సరిపోతుందన్నాడు.

ముందు గదిలో టైపు చేస్తున్న చప్పుడు ఆగింది. ఎంతకీ మళ్ళీ మొదలవలేదు. లేచి వెళ్ళి గుమ్మంలో నిలబడ్డాడు. ఆవిడ పాత ఫైలులోని నివేదిక తెరిచి ముందు పెట్టుకుని, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది.

"మర్నాడు నేనూ వెళ్ళాను సార్" అంది.

ఆయనకి అర్థం కాలేదు. ఎక్కడికని అడిగాడు.

ఆవిడ చెప్పింది. గొంతు పెంచలేదు, తేదీలు చెప్పేటప్పుడు ఎలా చెబుతుందో అలాగే చెప్పింది. ఇక్కడికి రాక ముందు ఒక బట్టల గిడ్డంగిలో టైపిస్టుగా ఉండేది. అప్పటికి ఇరవయ్యేడేళ్ళు. మేనేజరు ఒక సాయంత్రం సరుకు పట్టీ చూపిస్తానని బేళ్ళ వెనక్కి పిలిచాడు. అక్కడ జరిగినదేమిటో ఆవిడ చెప్పలేదు, ఆయన అడగలేదు. మర్నాడు మామూలుగా తొమ్మిదికి వెళ్ళింది. ఆ రోజు ఆ మేనేజరు చెబుతుంటే పదకొండు ఉత్తరాలు టైపు చేసింది. ఆ తర్వాత రెండేళ్ళు అక్కడే పనిచేసింది.

"ఎందుకెళ్ళావని నన్నెవరూ అడగలేదు సార్, ఎవరికీ చెబితే కదా. అడిగుంటే నేనూ ఆ పిల్ల చెప్పినట్టే చెప్పేదాన్ని. నా మిషను అక్కడే ఉంది. ఇంకేం చెప్తాను?" అని, "టైపు చెయ్యమంటే చేస్తాను. మీరే చెప్పండి" అంది.

ఆయనకు తల కొట్టేసినట్టయింది. చెయ్యొద్దు, వదిలెయ్యండి అని ఎలాగో అన్నాడు. ఇరవై రెండేళ్ళుగా తన ముందు గదిలో కూర్చున్న మనిషి చేత, ఆ ప్రశ్నని అక్షరం పొల్లు పోకుండా ఒకసారి టైపు చేయించాడు. అప్పుడావిడ అడిగిందీ, తను చెప్పిందీ గుర్తొచ్చాయి. అదే ప్రాణం అన్నాడు. క్షమించమని అడగాలనిపించింది. ఏమని అడగాలో తోచక, కిటికీ తలుపు మూసుకుపోయిందనుకుని తెరవబోయి, తెరిచే ఉందని చూసి, తన గదిలోకి వెళ్ళిపోయాడు. ఆవిడ అయిదింటికి, రోజూలాగే, వస్తాను సార్ అని చెప్పి వెళ్ళింది.

ఇక్కడ ఆయన ఏదో చేసి ఉంటాడని అనిపిస్తుంది. ఏమీ చెయ్యలేదు. నాలుగోవాణ్ణి వేరే ప్లీడరు దగ్గరికి పొమ్మన్నాడు, అంతవరకే. మేనల్లుడితో మాట్లాడాలి. వాడు చింపిన కాగితం గురించి మాట్లాడాలి. ఈ వారం వాడికి పరీక్షలు, పై వారం అక్కకి ఒంట్లో బాగాలేదు, ఆ పై వారం తనకే కోర్టులో పనుంది. ఇలా ఆరు వారాలు జరిపాడు. ఎదుటివాళ్ళ కోసం జరిపినప్పుడు ఆయనకి రోజూ నిద్ర పట్టేది. ఇప్పుడు అద్దంలో ముఖం చూసి గడ్డం గీసుకోవడం కూడా కష్టంగా ఉండేది. గుమాస్తా కాఫీ తెచ్చి పెడితే తలెత్తకుండా తాగేవాడు.

ఏడో వారం మేనల్లుడే వచ్చాడు. మనిషి సగమయ్యాడు. స్టూడియోకి వెళ్ళడం మానేసి చాలా రోజులైందట. పక్క బల్ల ఖాళీగా ఉంటుందట. దాని మీద ఆమె సగం చేసిన నమూనా అలాగే ఉందట, ఎవరూ తియ్యలేదట.

"నేను రాసిచ్చేశాను మామయ్యా. పొద్దున కాలేజీ ఆఫీసులో ఇచ్చాను. ఆ రోజు చింపిన కాగితమే, మళ్ళీ రాశాను" అన్నాడు.

ఆరు వారాలుగా కుమిలిపోతున్న మనిషి నోటి నుంచి అప్పుడు రావలసిన మాటలు ఎన్నో ఉన్నాయి. వచ్చింది మాత్రం, "నన్నడక్కుండా సంతకం పెట్టావా?"

మేనల్లుడు ఆయన వంక అలా చూశాడు. కోపంగా కాదు. కోపం ఉంటే బాగుండేది. జ్వరంతో ఉన్న మనిషిని చూసినట్టు చూసి, "నిన్నడిగితే వద్దంటావని భయమేసింది" అన్నాడు.

మళ్ళీ విచారణ పెట్టారు. సలహాదారుగా నువ్వే రావాలి మామయ్యా అన్నాడు వాడు. రాననడానికి ముఖం చెల్లక, వస్తాననడానికీ ముఖం చెల్లక, తలూపాడు. అదే గది, అదే జగ్గు. ఆ అమ్మాయి రాలేదు, రానవసరం లేదని కమిటీయే చెప్పింది. మేనల్లుడు లేచి నిలబడి, జరిగింది జరిగినట్టు, తలెత్తి చెప్పాడు. గొంతు ఒక్కచోటే జీరబోయింది, "నేను విన్నాను" అన్న చోట.

అధ్యక్షురాలు చాలాసేపు తన ముందున్న కాగితాలు సర్దుకుంది. తర్వాత అడిగింది. "మరి మొదటిసారే ఎందుకు చెప్పలేదు? ఆ ప్రశ్నలన్నీ ఎవరి ఆలోచన?"

అడుగుతూ ఆమె చూసింది ప్లీడరు వైపు. ఇప్పుడు మేనల్లుడు మామయ్య అని ఒక్క మాట అంటే చాలు, అది నిజం కూడా.

"నాకే భయమేసిందండీ. చదువు పోతుందనుకున్నాను. ప్రశ్నలు నా తరఫున ఇచ్చినవే, వాటి కింద నేనే సంతకం పెట్టాను" అన్నాడు వాడు.

సలహాదారు మాట్లాడకూడదన్నది నియమం. ఆ నియమం ఉన్నందుకు ఆ క్షణంలో ఆయన ఊపిరి పీల్చుకున్నాడు. ఆ ఊపిరి పీల్చుకోవడం తనకే వినపడింది. లేచి, అమ్మా, ఆ ప్రశ్న నాది, వీడు నిజం రాసుకొస్తే చింపించిందీ నేనే అని చెబితే ఎవరూ గెంటేసేవాళ్ళు కాదు. మహా అయితే కూర్చోమనేవాళ్ళు. ఆయన కూర్చునే ఉన్నాడు. చేతుల్లో పెట్టుకుని పెంచిన పిల్లవాడు తన తప్పూ, మేనమామ తప్పూ కలిపి ఒక్కడే నెత్తిన వేసుకుని నిలబడి ఉంటే, పక్క కుర్చీలో ఫైలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

రెండు సెమిస్టర్లు వాణ్ణి కాలేజీ నుంచి నిలిపేశారు. పాత నిర్ణయాన్ని రద్దు చేసి, ఫిర్యాదు నిజమేనని రాసి, ఆ అమ్మాయికి పంపారు. ఆమె అప్పటికే వేరే కాలేజీలో చేరిందని తెలిసింది. ఆమె నుంచి రెండు వాక్యాల జవాబొచ్చింది. ఉత్తరం అందింది. స్టూడియోలో ఉండిపోయిన తన నమూనా, గీసిన కాగితాల చుట్టలు ఈ చిరునామాకి పంపించగలరు, ఇక ఈ విషయంగా తనకి ఎవరి నుంచీ ఏమీ పంపవద్దు. ప్లీడరు ఆమెకి మూడు పేజీల క్షమాపణ రాసి పెట్టుకున్నాడు. దాన్ని గుమాస్తాకి చూపించాడు. ఆవిడ మూడు పేజీలూ చదివి, రెండో పేజీలో ఒక కామా దిద్ది, తిరిగి ఇచ్చేసింది. పంపమనలేదు, వద్దనలేదు. కాలేజీ నుంచి ఆ అమ్మాయి జవాబు నకలు వచ్చాక ఆయన తన ఉత్తరాన్ని చింపాడు.

అక్క తమ్ముడితో మాటలు మానేసింది. తమ్ముడి గొప్ప చెప్పిన నోటితోనే ఆస్పత్రిలో కొడుకు సంగతి చెప్పుకోవాల్సొచ్చింది ఆవిడకి. ఒకసారి ఆయన వెళితే గుమ్మంలోనే నిలబెట్టి, "నేనేదో తల్లిని, చెప్పొద్దన్నాను. నువ్వు చెప్పకపోవడమేంట్రా?" అంది. ఏడెనిమిది నెలలకి ఆవిడే కబురు చేసింది, ఉతికే మిషను పాడయితే ఎవర్ని పిలవాలని. మాటలు మళ్ళీ మొదలయ్యాయి గానీ, ఆవిడ ఇదివరకట్లా చేతులు పట్టుకోవడం లేదు.

నోటీసులు పట్టుకుని కుర్రాళ్ళు ఇప్పటికీ వస్తారు. ఆయన మానెయ్యలేదు. పొరపాటున ఇరుక్కున్నవాడూ ఉంటాడు, చేసినవాడికి కూడా ఫిర్యాదు ప్రతీ, గడువూ, పక్కన ఒక మనిషీ కావాలి. అయితే ఇప్పుడు ముందు తలుపు వేసి, జరిగిందేమిటో చెప్పమంటాడు. చేశానని చెప్పినవాడితో, ఆ మాట అక్కడ చెబుతానంటే పక్కన కూర్చుంటాను, దాచిపెట్టాలంటే నావల్ల కాదు అంటాడు. సగానికి సగం మంది సంచీ భుజాన వేసుకుని ఎదురు వీధి ప్లీడరు దగ్గరికి పోతారు. ఆయన దగ్గర ఆ పద్నాలుగు ప్రశ్నలూ ఉన్నాయి. ఎవడో కుర్రాడు నకలు తీసుకున్నాడు, వాడి నుంచి ఇంకొకడు, అలా ఎన్ని కాలేజీలకి పోయిందో లెక్క లేదు. కిందటేడు ఫిర్యాదు చేసిన ఒక అమ్మాయికి తోడుగా విచారణకి వెళితే, అవతలివాళ్ళు రాసిచ్చిన పట్టీలోంచి అధ్యక్షుడు చదివాడు, మీరు చెప్పినట్టే జరిగి ఉంటే మర్నాడు ఉదయం అని. వాక్యం కూడా మార్చలేదు. ఆయన చెవులు రెండూ కాలిపోయాయి. బయటికొచ్చాక ఆ అమ్మాయికి, ఆ ప్రశ్న రాసింది తనేనని చెప్పాడు. ఆ అమ్మాయి పై వాయిదాకి వేరే సలహాదారుని తెచ్చుకుంది.

మేనల్లుడు ఏడాది ఆలస్యంగా చదువు ముగించి, ఒక భవన నిర్మాణ ఆఫీసులో చేరాడు. ఆదివారాలు అప్పుడప్పుడు మామయ్య ఆఫీసుకొస్తాడు. ఒక ఆదివారం గోడకి ఫైళ్ళ అర కొత్తది బిగిద్దామని కొలతలు తీస్తున్నారు. టేపు ఒక కొస వాడు పట్టుకున్నాడు, ఒక కొస ఈయన. అంకె చెప్పి, పెన్సిలుతో గోడ మీద గుర్తు పెట్టి, వాడు వెనక్కి తిరక్కుండానే అడిగాడు.

"నేను వెళ్ళి చెప్పకపోయుంటే, నువ్వెప్పటికైనా చెప్పమనేవాడివా మామయ్యా?"

ఆయన టేపు కొస గోడకి అదిమి పట్టుకుని నిలబడ్డాడు. అవునంటే వాడు నమ్మేవాడే.

"అనేవాణ్ణి కాదు రా" అన్నాడు.

మేనల్లుడు తలూపి, రెండో గుర్తు పెట్టి, కొంచెం కిందికి పట్టుకోమన్నాడు.